క్రీపర్ నెట్ ఏ తీగకి పనికొస్తుంది, ఏ తీగకి పనికిరాదు: మందారాల పక్కన తీగలు పెంచేవాళ్ళ కోసం

ఆన్‌లైన్‌లో క్రీపర్ నెట్ అని వెతికితే తెల్లదో ఆకుపచ్చదో ఒక తాడు వల కనిపిస్తుంది. అయిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, చెయ్యి దూరేంత గళ్ళు, ధర 300 రూపాయల లోపే. దాని కింద రివ్యూలు చూస్తే దాదాపు అన్నీ ప్యాకెట్ విప్పిన రోజు రాసినవే, క్వాలిటీ బాగుంది, త్వరగా వచ్చింది అని. కానీ ఈ వలకి అసలు పరీక్ష రోహిణి కార్తె ఎండల్లో ఒకసారి, అక్టోబర్ గాలుల్లో ఇంకోసారి. మాది విశాఖపట్నం, ఆ రెండూ మాకు గట్టిగానే ఉంటాయి. మా ఇంట్లో పక్క గోడకి ఈ నెట్ ఉంది, ముందు వైపు వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప జాలీ ఉంది, రెండింటి ముందూ మందారాలు, నందివర్ధనాలు, నూరువరహాలు ఉన్నాయి. కొనబోయేవాళ్ళకి పనికొస్తుందని రెండింటి గురించీ రాస్తున్నాను.

విషయం ముందే చెప్పేస్తాను. ఒక్క సీజన్‌లో మొలిచి, పూసి కాసి ఎండిపోయే తీగలకి ఈ నెట్ నిశ్చింతగా కొనండి. రాధామనోహరం, కాగితం పూలు, మాలతి లాంటివి, అంటే ఏళ్ళ తరబడి ఉండి కాండం మాను కట్టే తీగల కోసం మాత్రం కొనకండి, ఎంత మంచి కంపెనీదైనా సరే. ఖర్చు చాలా ఎక్కువైనా జాలీ చేయించుకోండి. ఇంక మూడో దారి, అంటే ఏ ఆధారమూ లేకుండా తీగని పక్కనున్న పొద మీదికి వదిలెయ్యడం, మన ఇళ్ళల్లో ఎక్కువమంది చేసేది అదే. దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే నెట్ అయినా జాలీ అయినా కొనేది ఆ పరిస్థితి రాకూడదనే.

గోడ వారన మందారం ఉంటుంది. దాని మొదట్లోనే సన్నజాజో రాధామనోహరమో పాతుతారు, అదే అల్లుకుంటుందిలే అని. అల్లుకుంటుంది, మొదటి ఏడాది చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటుంది. రెండో వానాకాలం వచ్చేసరికి మందారం కనపడదు. మందారానికి రోజుకి అయిదారు గంటల ఎండ తగలాలి. పైన తీగ కప్పేశాక లోపలి కొమ్మలకి ఆకు రాలిపోతుంది, మొగ్గ పట్టదు, గాలి ఆడదు, ఆ నీడలో పిండినల్లి చేరుతుంది. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తీగ పట్టుకుని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి దాన్ని చేరవేస్తాయి కూడా. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి కొడదామన్నా తీగ ఆకులు అడ్డం, మందు పురుగు దాకా వెళ్ళదు.

తీగ చుట్టుకున్న కొమ్మని ఒకసారి చేత్తో పట్టుకుని దగ్గరగా చూడండి. పక్కింటి పిన్నిగారి మందారానికి చుట్టుకున్న రాధామనోహరాన్ని కోసి తీస్తున్నప్పుడు నేను చూశాను. బొటనవేలంత కొమ్మ మీద తీగ రెండు చుట్లు తిరిగి బెరడులోకి దిగిపోయింది. చుట్టుకి పై భాగం ఉబ్బి ఉంది, కింది భాగం సన్నగా ఉండిపోయింది, తీగ తీసేశాక ఆ గాడి మరమేకు మీద గాడిలా మిగిలింది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్ళకి దిగుతుంది, చుట్టు బిగిసిన చోట అది ఆగిపోయి పైన పోగుపడుతుంది, అందుకే ఆ ఉబ్బు. అలాంటి కొమ్మ పెద్ద గాలికి సరిగ్గా ఆ గాడి దగ్గరే విరుగుతుంది. "పూలు బాగానే పూస్తోంది కదమ్మా, ఎందుకు కొయ్యడం" అని పిన్నిగారు ముందు ఒప్పుకోలేదు. పూస్తున్నది రాధామనోహరం మాత్రమేనని, తన మందారం పూసి చాలా కాలమైందని అప్పుడు గమనించారు. ఇంట్లో దేవుడికి పెట్టే పూలు బజారులో కొంటూ ఉన్నారు పాపం.

ఇంక నెట్ సంగతి. నైలాన్ అని రాసి అమ్మేవన్నీ నైలాన్ కాదు. తెలుసుకోవడం తేలిక. అంచు తాడు నుంచి చిన్న ముక్క కోసి, పోగులు విడదీసి, లోపల గాలి నిలవకుండా సబ్బు నీళ్ళతో బాగా తడిపి గ్లాసు నీళ్ళలో ముంచి వదలండి. మునిగితే నైలానో పాలిస్టరో అయ్యుంటుంది. తేలితే పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్ తాడు. తేలినంత మాత్రాన పారెయ్యక్కర్లేదు, ఎండని తట్టుకునే రసాయనం కలిపిన రకమైతే బాగానే ఆగుతుంది, ప్యాకెట్ మీద యూవీ స్టెబిలైజ్డ్ అని రాసి ఉంటుంది చూడండి. ఆ మాట లేని ప్లాస్టిక్ తాడైతే ఒక వేసవికే పెళుసెక్కుతుంది. పోగుని గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతుంది, ఆ దశకి వచ్చాక దాని మీద ఏ బరువూ నమ్మకంగా వెయ్యలేం. ఎండ పడమటి నుంచి నేరుగా కొట్టే గోడకి ఈ తేడా ఇంకా త్వరగా తెలుస్తుంది.

తర్వాత చూడాల్సింది ముడులు. మంచి నెట్‌కి గడి మూలల్లో ముడి గట్టిగా ఉంటుంది, లాగితే జారదు. చవకరకంలో మూల జారి ఒక గడి పెద్దదై పక్కది మూసుకుపోతుంది. చుట్టూ అంచు తాడు మిగతా తాడు కంటే లావుగా ఉండాలి, ఎందుకంటే బరువంతా చివరికి అంచు మీదే పడుతుంది. గడి నాలుగు నుంచి ఆరంగుళాలు ఉంటే మంచిది, కాకరకాయ కొయ్యడానికి చెయ్యి అటు నుంచి ఇటు రావాలి కదా. చిన్న గళ్ళ సన్నటి వలలు కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు, అవి తీసుకోకండి. సన్నటి దారం వలలో పిట్టలు, తొండలు కాళ్ళు ఇరుక్కుని చచ్చిపోతాయి, అది చూడలేం.

కట్టడంలో చాలామంది నెట్‌ని గోడకి ఆనించి మేకులు కొట్టేస్తారు. అలా చేస్తే గోడకీ తాడుకీ మధ్య తీగ కొస వేలు పెట్టే జాగా ఉండదు, చుట్టుకోలేదు. కనీసం రెండు మూడు అంగుళాలు ఎడం ఉండాలి. పైనా కిందా ఒక్కో పైపుకో కర్రకో నెట్‌ని గుచ్చి, ఆ పైపులు గోడకి ఎడంగా బిగిస్తే నెట్ సాగినప్పుడు మళ్ళీ లాగి కట్టుకోవచ్చు. వానకి తడిసి బరువెక్కితే కాస్త జారడం మామూలే. సరుగుడు కర్రలు వాడితే భూమిలో పాతే భాగానికి చెదలు పట్టకుండా చూసుకోవాలి, లేదా నేలని తగలకుండా కుండీలోనో ఇటుకల మధ్యో నిలబెట్టండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక ఈ నెట్ మీద శంఖుపుష్పం, కాశీరత్నం, కాకర, చిక్కుడు, తీగబచ్చలి ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. కాకరకి నులితీగలుంటాయి, చిక్కుడు కాండంతోనే చుట్టుకుంటుంది, ఈ రెండు రకాలకీ సన్నటి ఆధారమే ఇష్టం. లావుపాటి స్తంభం ఇస్తే నులితీగ దాన్ని చుట్టలేక జారిపోతుంది. అందుకే వెడల్పాటి చెక్కల ఫ్రేముల కంటే ఈ తాడు వల మీద కూరగాయ తీగలు త్వరగా ఎక్కుతాయి, ఆ విషయంలో నెట్‌కి నేను పూర్తి మార్కులు వేస్తాను. పంట అయిపోయాక మొత్తం దింపి, ఎండిన తీగ దులిపి, ఉతికి చుట్టచుట్టి పెట్టుకోవచ్చు.

కాశీరత్నం గురించి ఇంకో మాట. నెట్ అసలు కొనకుండా పొద మీదికే ఏదైనా తీగ పాకించాలని మనసు పడితే దీన్ని ఎంచుకోండి. ఆకు దువ్వెన పళ్ళలా సన్నగా చీలి ఉంటుంది, కింద పొదకి ఎండ తగులుతూనే ఉంటుంది, ఏడాది తిరక్కుండా తనే ఎండిపోతుంది. నందివర్ధనం ముదురాకు మీద ఆ ఎర్ర పూలు చాలా అందంగా ఉంటాయి. విత్తనాలు రాలి మళ్ళీ మళ్ళీ మొలుస్తాయి, అక్కర్లేనివి చిన్నప్పుడే పీకెయ్యాలి. శంఖుపుష్పం కూడా పెద్దగా బరువెయ్యదు కానీ అది ఏడాదితో పోదు, మధ్యమధ్యలో కత్తిరించాలి.

మరి రాధామనోహరానికి నెట్ ఎందుకు వద్దంటున్నాను? తెగిపోతుందని మాత్రమే కాదు. ఈ తీగ మొదట్లో పొదలాగే గుబురుగా పెరుగుతుంది, చూసినవాళ్ళు ఇది పెద్ద తీగేమీ కాదనుకుంటారు, తర్వాత ఒక్కసారిగా పొడుగాటి కొమ్మలు తీస్తుంది. ఆ కొమ్మలు గళ్ళ లోపలికీ బయటికీ దూరుకుంటూ పోతాయి, అక్కడే లావెక్కుతాయి. రెండేళ్ళకి నెట్ ఏదో తీగ ఏదో విడదీయలేరు. తాడు పెళుసెక్కి మార్చాల్సి వచ్చినప్పుడు మొత్తం తీగని కోస్తే తప్ప నెట్ ఊడి రాదు. పైగా రాధామనోహరానికి ఆకు రాలిపోయినా దాని కాడ మొదలు గట్టిపడి ముల్లులా మిగిలిపోతుంది, కాగితం పూలకైతే నిజమైన ముళ్ళే, ఉత్త చేతులతో తాడు విడదీయబోతే చేతులు గీరుకుపోతాయి. ఉడతలు ఒకటి. గూళ్ళు కట్టుకోవడానికి అవి తాడు పోగులు కొరుక్కుపోతాయి, వాటి అవసరం వాటిది, కానీ అంచు తాడు తెగితే నెట్ మొత్తం జారుతుంది.

అందుకని ముందు వైపు జాలీ చేయించాను. గాజువాక ఆటోనగర్ వైపు వెల్డింగ్ షాపుల్లో వెల్డ్ మెష్, అంటే అడ్డం నిలువు కడ్డీలు అతికించిన జాలీ, దొరుకుతుంది, రెండంగుళాల గళ్ళది అడగండి. అక్కడ మేస్త్రీ "పన్నెండు గేజి వేసేద్దామండి, సరిపోద్ది" అన్నాడు. నేను పది గేజి అడిగాను. గేజి నంబరు తగ్గుతున్న కొద్దీ కడ్డీ లావవుతుంది, పది గేజి అంటే మూడు మిల్లీమీటర్ల పైన. పన్నెండు గేజి సన్నజాజికి చాలు, మాను కట్టే తీగకి చాలదు. ఖర్చు నెట్‌కి పదిరెట్లు పైనే అవుతుంది, దాచను. కానీ అది ఒక్కసారి ఖర్చు.

విశాఖలో, అలాగే కాకినాడ, భీమిలి లాంటి సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఒక విషయం తప్పకుండా చూసుకోవాలి. ఉప్పుగాలికి మామూలు ఇనుము పెయింట్ కింద నుంచే తుప్పు పడుతుంది. జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము, ఆ మెష్, ఆ పైపులే వాడమనండి. జీఐ అయినా వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది, కాబట్టి ప్రతి వెల్డింగ్ మచ్చ మీదా జింక్ ప్రైమర్ వేయించి ఆ తర్వాతే పెయింట్ వేయించుకోవాలి. తీగ ఎక్కాక మళ్ళీ పెయింట్ వెయ్యడం జరిగే పని కాదు. ఈ ఒక్క పని దగ్గర నిలబడి చేయించుకోండి, హడావిడిలో మేస్త్రీలు వదిలేస్తారు.

నిలబెట్టేటప్పుడు గోడకి బిగించకుండా రెండు పైపుల్ని భూమిలో అడుగున్నర లోతుకి కాంక్రీటుతో పాతించాను. గోడకి మూడంగుళాలు ఎడం, నేలకి అడుగు ఎత్తు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది, ఆ రోజు చూసినవాళ్ళెవరూ గాలి సంగతి తేలిగ్గా తీసుకోరు. దట్టంగా ఆకున్న తీగ గాలిని మొత్తం తన మీదికి తీసుకుంటుంది, ఆధారం గోడకి సన్నటి స్క్రూలతో ఉంటే గోడ పెచ్చులతో సహా ఊడి మీద పడుతుంది. జాలీ గట్టిగా ఉన్నా సెప్టెంబర్ చివర్లో తీగని పలచన చెయ్యాలి, గాలి గళ్ళలోంచి అవతలికి పోయేటట్టు.

పొదకీ జాలీకీ మధ్య మూడడుగులు వదిలాను. ఇది నా లెక్కలో జాలీ కంటే ముఖ్యం. మందారం నాలుగైదడుగుల వెడల్పు గుబురు కడుతుంది, దానికీ తీగకీ మధ్య మనిషి దూరి కత్తెర ఆడించేంత సందు లేకపోతే ఎంత ఖరీదైన జాలీ పెట్టినా తీగ మళ్ళీ పొద మీదికే వస్తుంది. వానాకాలంలో వారానికొకసారి ఆ సందులోంచి నడుస్తూ ఇటు చెయ్యి చాచిన కొసలన్నిటినీ జాలీ వైపు తిప్పాలి. తిప్పేటప్పుడు అది ఏ వైపు చుట్టుకుంటోందో చూసి అదే వైపు చుట్టండి, ఎదురు చుడితే విప్పుకుని మళ్ళీ తన దారినే పోతుంది. గళ్ళలోకి దూర్చకండి, జాలీకి ముందు వైపే ఆనించి కట్టండి, రేపు కోసేటప్పుడు హాయిగా ఊడి వస్తుంది. కట్టడానికి నేను అరటి నారే వాడతాను, పూలు కట్టేదే. కాండానికీ కడ్డీకీ మధ్య ఒక మెలిక వేసి వదులుగా కట్టాలి. కొన్ని నెలలకి నార తనే కుళ్ళి ఊడిపోతుంది, అప్పటికి తీగ నిలదొక్కుకుంటుంది. ఇనుప బైండింగ్ వైరు మాత్రం వద్దు, కాండం లావెక్కితే కోసుకుపోతుంది.

కత్తిరింపులకి సంక్రాంతి అటూ ఇటూ రోజులు మాకు బాగా కుదురుతాయి. రాధామనోహరం, కాగితం పూలు, మందారం మూడూ కొత్త చిగురు మీదే పూస్తాయి కాబట్టి అప్పుడు గట్టిగా కోసినా భయం లేదు. మల్లె పొదలుంటే నవంబర్ చివరి నుంచే మొదలుపెట్టొచ్చు, సన్నజాజి జనవరి చివర్లో. కత్తెర బైపాస్ రకం కొనండి, రెండు రేకులూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారేది, పచ్చి కొమ్మ నలగకుండా తెగుతుంది. ఒక రేకు చదునైన దిమ్మ మీద దిగే రకం ఎండు కొమ్మలకి బాగుంటుంది, పచ్చి కొమ్మని నొక్కేస్తుంది. ఎండిన తీగలు భోగి మంటలో వేసుకోవచ్చు, గన్నేరు కొమ్మలు మాత్రం వెయ్యకండి, ఆ పొగ విషం.

ఇప్పటికే పొదని కప్పేసిన తీగ ఉంటే ఒక్క లాగుడు లాగకండి. మొదలు కోసి వారం పది రోజులు వదిలెయ్యండి, ఆకు వాడి రాలాక ఏది తీగో ఏది కొమ్మో తెలుస్తుంది. తర్వాత అడుగు చొప్పున ముక్కలు కోస్తూ తియ్యాలి, లేకపోతే పొద బెరడూ మొగ్గలూ దానితోపాటే ఊడొస్తాయి. ఈ పద్ధతి తిప్పతీగకి పనిచెయ్యదు. 2020లో కరోనా భయంతో చాలా ఇళ్ళల్లో తిప్పతీగ నాటారు, ఇప్పుడది కరివేపాకునీ గోరింటనీ కూడా మింగేస్తోంది. మొదలు కోస్తే పైన మిగిలిన కాడ దారాల్లాంటి వేళ్ళు కిందికి వదిలి మళ్ళీ నేలని అందుకుంటుంది. అందుకే దాన్ని ముక్క మిగలకుండా తీసి ఎండలో సిమెంటు నేల మీద ఎండబెట్టాలి. పసుపుపచ్చటి దారాల్లా ఆకు లేకుండా అల్లుకునే బంగారు తీగ దురంతా మొక్కల కంచె మీద కనిపిస్తే ఇంకా తొందరపడాలి. అది పొద రసమే పీల్చి బతుకుతుంది, దాన్ని మాత్రమే తీస్తే లోపల మిగిలిన ముక్క నుంచి మళ్ళీ వస్తుంది, పట్టిన కొమ్మతో సహా కోసెయ్యడమే, గింజ కట్టక ముందే.

అద్దె ఇంట్లో ఉండి జాలీ పాతించుకోలేనివాళ్ళు మాను కట్టే తీగల జోలికి వెళ్ళకుండా పెద్ద కుండీలో శంఖుపుష్పమో కాకరో పెట్టుకుని ఈ నెట్టే వాడుకోండి, మీ అవసరానికి అది సరైన వస్తువు. యూవీ మాట రాసి ఉన్నది, ఆరంగుళాల గడిది, లావు అంచు తాడుది చూసి తీసుకోండి. వేసవి మొదట్లో కొన్నా అప్పుడే కట్టెయ్యకండి. మృగశిర దాటి విత్తనం వేసిన రోజు కట్టి, పంటవగానే దింపి ఇంట్లో పెట్టుకుంటే వేసవి ఎండ దానికి తగలదు, అదే నెట్ మీద ఇంకో రెండు పంటలు తీసుకోవచ్చు.